ముస్తఫాలో నా చివరి మంగళవారం

సింగపూర్ వదిలి ఇంటికి వచ్చేసేవాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. చివరి షాపింగ్‌కి ఒక రోజు పూర్తిగా పక్కన పెట్టుకోండి. అక్కడ మీతో కలిసి బతికినవాళ్లని ఇద్దరినో ముగ్గురినో వెంట తీసుకుని సయ్యద్ అల్వీ రోడ్డులో ముస్తఫా సెంటర్‌కి వెళ్లండి. ఆర్చర్డ్ రోడ్డు మాల్స్ అందంగానే ఉంటాయి, కాదనను. కానీ ఇంట్లో అమ్మకి, పక్కింటి పిన్నికి, మేనల్లుడికి, మామ్మ మోకాళ్లకి ఒకే కప్పు కింద అన్నీ దొరకాలంటే మాత్రం ముస్తఫాయే.

నేను యిషున్ వైపు, ముసలివాళ్లని ఉంచి చూసుకునే ఒక నర్సింగ్ హోమ్‌లో తొమ్మిదేళ్లు నర్సుగా చేశాను. 2016లో వెళ్లాను, 2025 ఆగస్టులో వచ్చేశాను. మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఈ తొమ్మిదేళ్లలో ముస్తఫాకి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు గానీ, ఆఖరిసారి వెళ్లిన మంగళవారం మాత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా గుర్తుంది.

ఆ రోజు మేం నలుగురం. మా డ్యూటీల్లో నలుగురికీ ఒకే రోజు ఆఫ్ దొరకడం అంటే పండగ కిందే లెక్క. ఆతే మూడు వారాల ముందే అడిగి, ఇద్దరితో షిఫ్టులు మార్చుకుని మరీ సాధించింది. ఆతే అంటే ఫిలిప్పీన్స్ వాళ్ల భాషలో అక్క. మా వార్డులో అందరికంటే పెద్దది, పేరు పెట్టి ఎవరూ పిలవరు. రెండోది చేచ్చి. అదీ అక్కే, మలయాళంలో. కొట్టాయం నుంచి వచ్చింది, ఆరేళ్లు నాతో ఒకే గదిలో ఉంది. మూడోది రెండేళ్ల క్రితం కావలి నుంచి వచ్చిన పిల్ల. మొదటి రోజే నా తెలుగు విని "అక్కా, మీరు మనవాళ్లేనా" అని చెయ్యి పట్టుకుంది. అప్పట్నుంచీ నాకు చెల్లే.

మంగళవారం ఎందుకంటే, ఆదివారం లిటిల్ ఇండియా, అంటే ముస్తఫా ఉన్న పేట, వర్కర్లది. కట్టడాల మీద, షిప్‌యార్డుల్లో వారమంతా ఎండలో పనిచేసేవాళ్లకి సాధారణంగా దొరికే సెలవు అదొక్కటే. డబ్బు పంపుకోవాలి, స్నేహితుల్ని చూసుకోవాలి, నాలుగు సరుకులు కొనుక్కోవాలి. వారం మధ్యలో వెళ్లగలిగినవాళ్లం వారం మధ్యలోనే వెళ్తే వాళ్లకీ సుఖం, మనకీ సుఖం. పొద్దున తొమ్మిదిన్నరకి తెరుస్తారు, రాత్రి రెండింటి దాకా ఉంటుంది. 2020కి ముందు ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉండేది. నేను వెళ్లిన కొత్తలో సాయంత్రం షిఫ్టు దిగి, అర్ధరాత్రి దాటాక అక్కడికి వెళ్లి ఉల్లిపాయలు కొనుక్కున్న రోజులున్నాయి. ఊరు కాని ఊళ్లో రాత్రి ఒంటిగంటకి అంత వెలుగు, అంత మంది మనవాళ్లు కనిపిస్తే గుండెల్లో బెంగ సగం తగ్గేది.

1971లో ఒక చిన్న బట్టల కొట్టుగా మొదలైన వ్యాపారం అది. 1995లో ఇప్పుడున్న సయ్యద్ అల్వీ రోడ్డు భవనానికి వచ్చింది. ఒక అంతస్తులో గుండుసూది, ఇంకో అంతస్తులో ఫ్రిజ్ ఉంటాయి. ఫారర్ పార్క్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరమే. మేం యిషున్‌లో ఎక్కి, ధోబీ ఘాట్‌లో ఊదా రంగు లైనుకి మారితే లిటిల్ ఇండియా తర్వాత స్టాపు.

షాపులోకి వెళ్లేముందు డబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకిది ఎవరూ ముందుగా చెప్పలేదు. సింగపూర్‌లో విదేశీ ఉద్యోగి పని మానేసి దేశం వదిలి వెళ్తుంటే, కంపెనీ కనీసం నెల ముందే ట్యాక్స్ వాళ్లకి ఐఆర్21 అనే ఫారం పంపాలి. క్లియరెన్స్ వచ్చేదాకా మనకి రావాల్సిన డబ్బు కంపెనీ తన దగ్గరే ఆపి ఉంచాలి. అంటే చివరి జీతం చేతిలో పడ్డాక షాపింగ్ చేద్దాం అనుకుంటే కుదరదు. మూడు నెలల ముందు నుంచే విడిగా దాచుకోండి. ఇంకొకటి, టూరిస్టులకి ఎయిర్‌పోర్టులో జీఎస్టీ వాపసు ఇస్తారు కదా, వర్క్ పాస్ మీద ఉన్నవాళ్లకి అది వర్తించదు. నేను వెళ్లినప్పుడు ఏడు శాతం ఉన్న జీఎస్టీ 2024 జనవరి నుంచి తొమ్మిది అయింది. ఆ తొమ్మిదీ కలుపుకునే లెక్క వేసుకోవాలి.

డబ్బు కంటే ముందు వేసుకోవాల్సిన లెక్క కిలోలది. నా టికెట్‌కి ముప్ఫై కిలోలు, చేతిలో పది. ముప్ఫైలో సూట్‌కేసే నాలుగు తినేస్తుంది. బట్టలు, పుస్తకాలు, తొమ్మిదేళ్ల సర్టిఫికెట్ల ఫైళ్లు కలిపి పదమూడు. మిగిలింది పదమూడు. చేచ్చి ఆ పదమూడుని ఫోన్‌లో పైన పెద్దక్షరాలతో రాసి పెట్టుకుంది. నేను ఏది తీసుకున్నా ప్యాకెట్ వెనక్కి తిప్పి బరువు చూసి, రాసి, మిగిలింది ఎంతో చెప్పేది. "ఇంకా పది కిలోల ఎనిమిది వందలుంది" అని ఆవిడ చెబుతుంటే, చెల్లి దాన్ని తెలుగులో మళ్లీ చెప్పేది. ఇలా లెక్క చూసే మనిషి ఒకరు పక్కన లేకపోతే చివరి రోజు షాపింగ్ ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర కన్నీళ్లతో ముగుస్తుంది. అలా సూట్‌కేస్ నేల మీద తెరిచి మిలో, అంటే పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి, ప్యాకెట్లు బయటికి తీస్తున్నవాళ్లని నేను చూశాను.

ముందుగా సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లాం. 1855 నాటి గుడి, సింగపూర్ జాతీయ స్మారకాల్లో ఒకటి. తెలుగువాళ్లు ఉగాదికి కలుసుకునే చోటు కూడా. నా మొదటి ఉగాది పచ్చడి ఆ ఊళ్లో అక్కడే తిన్నాను. నైట్ డ్యూటీ చేసి నిద్ర లేకుండా వెళ్లి, ఆకు దొన్నెలో వేప పువ్వు చేదు నాలుక మీద పడగానే ఏడ్చాను. చివరి రోజు మాత్రం ఏడవలేదు. నలుగురం కాసేపు కూర్చుని లేచాం. ఆతే క్రైస్తవురాలు. అయినా చెప్పులు విప్పి లోపలికి వచ్చి, నా పక్కన కళ్లు మూసుకుని కూర్చుంది.

ముస్తఫా గుమ్మం దగ్గర ఒక పద్ధతి ఉంది. భుజానికి బ్యాగు ఉంటే సెక్యూరిటీ ఆయన దాని జిప్పుల్ని కలిపి ఒక ప్లాస్టిక్ ట్యాగ్ బిగిస్తాడు. టక్కున ఒక చప్పుడు. ఇక బయటికి వచ్చేదాకా తెరవలేం. అందుకని పర్సు, ఫోను, కళ్లజోడు, రాసుకున్న చీటీ ముందే చేతిలోకి తీసుకోవాలి. కొత్తగా వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. మేం బయటే నిలబడి నలుగురి పర్సులూ తీసి చెల్లి మెడలో ఉన్న చిన్న సంచిలో వేశాం. తర్వాతే లోపలికి వెళ్లాం.

మొదట మందుల వైపే. మా ఊళ్లో సింగపూర్ అంటే మిగతావి ఏమున్నా, గొడ్డలి బొమ్మ ఉన్న నూనె సీసా తెస్తేనే వెళ్లొచ్చినట్టు. యాక్స్ బ్రాండ్ యూనివర్సల్ ఆయిల్. 1928 నుంచి ఉన్న మందు. లేతాకుపచ్చ నూనె, మెంథాల్, నీలగిరి తైలం, కర్పూరం. వాసన ముక్కుకి తగలగానే తల తేలికపడుతుంది. మా అమ్మ ఫోన్‌లో "బంగారం తేకపోయినా పర్లేదు గానీ నూని సీసాలు మర్సిపోకు" అని రెండుసార్లు చెప్పింది.

నాకైతే ఆ వాసన అమ్మది కాదు, నా వార్డుది. అక్కడ ముసలమ్మల్ని మేం అహ్-మా అని పిలుస్తాం. అంటే మామ్మ. దాదాపు ప్రతి అహ్-మా దిండు కింద ఒక చిన్న సీసా ఉంటుంది. పడుకునే ముందు చూపుడు వేలి చివర ఒక్క చుక్క వేసుకుని, రెండు కణతలకీ రాసుకుని, మిగిలిన తడిని ముక్కు కింద అద్దుకుంటారు. తర్వాత మూత బిగించి, బిగిసిందో లేదో మళ్లీ ఒకసారి తిప్పి చూసి, దిండు కిందికి తోస్తారు. మతిమరుపు జబ్బుతో సొంత కూతురి పేరు మర్చిపోయిన ఒకావిడ ఈ వరసలో ఒక్కటీ మర్చిపోలేదు. నేను ఆవిడ దిండు సర్దిన రాత్రులన్నీ నా చేతులకి ఆ వాసనే. షెల్ఫులో వరసగా ఉన్న ఆ డబ్బాల ముందు నిలబడ్డప్పుడు నేను కాసేపు కదల్లేకపోయాను. ఆతేకి అర్థమైంది. ఏమీ అనకుండా బుట్ట తను పట్టుకుంది.

పంచడానికి 10 మిల్లీలీటర్ల చిన్న సీసాలు ఇరవై నాలుగు, ఇంట్లోకి 56 మిల్లీలీటర్ల పెద్దవి రెండు తీసుకున్నాను. పంచేటప్పుడు చిన్నవే మేలు. పెద్దది ఒకరికిచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే వచ్చే నిష్ఠూరం పదేళ్లు ఉంటుంది. నర్సుగా ఒక మాట చెబుతాను, తీసుకెళ్లి ఇచ్చేవాళ్లు ఇది కూడా చెప్పి ఇవ్వండి. కర్పూరం, మెంథాల్ ఉన్న ఏ నూనే, ఏ బామూ రెండేళ్ల లోపు పిల్లలకి రాయకూడదు. జలుబు చేసిందని ముక్కు దగ్గర అసలే పెట్టకూడదు. మన ఊళ్లలో పసిపిల్లలకి రాసేస్తుంటారు. నేను ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ చెప్పాను.

పక్కనే టైగర్ బామ్. ఎరుపు, తెలుపు రెండూ ఉంటాయి. తలనొప్పికి తెలుపు, కండరాల నొప్పులకి ఎరుపు. ఎరుపుది బట్టకి మరక అవుతుంది, తెల్ల చీరలు కట్టుకునే పెద్దవాళ్లకి ఇస్తే ఆ సంగతి ముందే చెప్పండి. చేచ్చీ నేనూ ఒకసారి హా పార్ విల్లా చూడ్డానికి వెళ్లాం. ఆ బామ్ చేసిన అన్నదమ్ముల్లో పెద్దాయన 1937లో తమ్ముడి కోసం కట్టించిన ఇల్లూ తోటా అది. పెద్దాయన పేరులోని హా అంటే పులి. వాళ్ల కుటుంబం మందుల కొట్టు అసలు రంగూన్‌లో ఉండేదని, 1926లో సింగపూర్‌కి వచ్చారని అక్కడే తెలుసుకున్నాను. రంగూన్ అంటే మా రంగం. మా శ్రీకాకుళం వైపు "రంగం పోయాడు" అంటే కూలి పనికి బర్మా వెళ్లాడని అర్థం. మా మామ్మ వాళ్ల నాన్న రంగంలో ఉండి, 1942లో యుద్ధం వచ్చినప్పుడు నడిచి తిరిగొచ్చిన మనుషుల్లో ఒకడు. అందుకని మామ్మకి ఎరుపు డబ్బాలు మూడు ప్రత్యేకంగా తీసుకున్నాను.

బంగారం గురించి ఎక్కువ చెప్పను, నేను కొన్నది తక్కువ. అమ్మకి ఐదు గ్రాముల 22 క్యారెట్ల కమ్మలు. కౌంటర్లో అమ్మాయి మూడు జతలు బయటపెట్టి, నేను అడక్కుండానే ఒక్కోదాన్నీ తూచి బరువు చూపించింది. తొందరపెట్టలేదు. నేను చెల్లి చెవుల దగ్గర పెట్టి చూసి ఎంచుకున్నాను, దాని చెవులు మా అమ్మ చెవుల్లా చిన్నవి. కస్టమ్స్ గురించి మాత్రం జాగ్రత్త. నేను వచ్చినప్పుడు ఉన్న నిబంధన ప్రకారం, ఏడాదికి పైగా బయట ఉండి వచ్చే ఆడవాళ్లకి 40 గ్రాముల నగల దాకా సుంకం లేదు, కానీ వాటి విలువ లక్ష రూపాయలు దాటకూడదు. అందరూ 40 గ్రాములు అన్నదే గుర్తుపెట్టుకుంటారు. అప్పటి ధరకి పది పదకొండు గ్రాములకే లక్ష అయిపోయేది. మీరు బయల్దేరే నాటికి ఏం నడుస్తోందో కస్టమ్స్ వాళ్ల సైటులో ఒకసారి చూసుకుని, బిల్లు హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకోండి.

ఎలక్ట్రానిక్స్ వైపు నేను వెళ్లనే లేదు. మా సీనియర్లు చెప్పేవారు, ఒకప్పుడు ఇంటికి వెళ్లే ప్రతివాడి చేతిలోనూ ముస్తఫా టీవీ పెట్టె ఉండేదట. 2013 ఆగస్టులో మన ప్రభుత్వం ఫ్లాట్ టీవీలని సుంకం లేకుండా తెచ్చుకునే వెసులుబాటు తీసేసింది. దాంతో ఆ పెట్టెలు ఆగిపోయాయి. ఇప్పుడు అవన్నీ వైజాగ్‌లోనే కొనుక్కోవచ్చు. చివరి రోజు సమయం వాటి మీద పెట్టకండి.

రెండో అంతస్తు సరుకులది. ఈ అంతస్తుకి నేను రుణపడి ఉన్నాను. 2016లో మొదటి నెల, క్యాంటీన్ నూడుల్స్ తినలేక, ఇడ్లీ రవ్వ కోసం దారి అడుక్కుంటూ వచ్చి ఈ అంతస్తులో నిలబడ్డాను. కరివేపాకు, ములక్కాడలు, సొరకాయ, కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి. ఒకే చోట అన్ని మనవి చూసి బుట్ట నింపేసి, తర్వాత డబ్బు చాలక సగం తిరిగి పెట్టాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లు నా వంటిల్లు ఇక్కడి నుంచే నడిచింది. ఆతేకి పప్పుచారు అలవాటు చేసింది ఇక్కడి కందిపప్పుతోనే.

చివరి మంగళవారం మాత్రం ఆ పచ్చళ్ల వరస ముందు నుంచి ఏమీ తీసుకోకుండా నడిచాను. చెయ్యి అలవాటుగా గోంగూర సీసా మీదికి వెళ్లింది. తీసి, చూసి, చెల్లి బుట్టలో పెట్టాను. "అక్కా, నాకెందుకు?" అంది. "ఇక నుంచి నువ్వు కొనాలి కదే. ఇదిగో, ఈ వరసలోనే ఉంటుంది. కరివేపాకు పొద్దున పూటే రా, తాజాగా ఉంటుంది" అన్నాను. ఇడ్లీ రవ్వ ఏ మూల, బెల్లం ఏ మూల, మన కారం ఏది, వేరే రాష్ట్రం వాళ్ల కారం ఏది, అన్నీ ఆ పిల్లకి చూపించుకుంటూ నడిచాను. నా షాపింగ్‌కి పట్టినంత సమయం దానికి పట్టింది.

నా బుట్టలోకి వెళ్లినవి ఖర్జూరం రెండు కిలోలు, బాదం ఒక కిలో, మిలో రెండు కిలోలు, చాక్లెట్లు రెండు కిలోలు. చాక్లెట్లు ఎండాకాలంలో తీసుకెళ్తే మధ్యలో బట్టలు చుట్టి పెట్టాలి, లేదంటే ముద్దయిపోతాయి. పిల్లలకి పంచడానికి చిన్న చిన్న పొట్లాలుగా ఉన్నవే కొనండి. రేటు చూసి పెద్ద డబ్బా కొంటే ఇంటికెళ్లాక పంచడం కష్టం. మా మేనల్లుడికి రంగు పెన్సిళ్లు, బావకి ఒక సెంటు సీసా, పిన్నికి ఒక మెత్తటి తువ్వాలు. తువ్వాలు మంచి ఆలోచన, సీసాలకి చుట్టడానికీ పనికొచ్చింది.

సూట్‌కేస్ సంగతి చెప్పాలి. వారం ముందు వేరే చోట, పేరు అనవసరం, ఒక గట్టి పెంకు పెట్టె కొన్నాను. ఇంటికి తెచ్చి మెట్లు దించుతుంటేనే చక్రం ఊడి వచ్చింది. తిరిగి తీసుకెళ్తే, వాడిన పెట్టెని తీసుకోం అన్నారు. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముస్తఫాలో పెట్టెలు ఉన్న చోట ఆతే ఒక్కోదాన్నీ ఒంటి చేత్తో పైకెత్తి చూసింది. చక్రాల్ని వేలితో తిప్పింది. హ్యాండిల్ బయటికి లాగి పక్కలకి ఊపింది. జిప్పుని మూలల దగ్గర రెండుసార్లు లాగి చూసింది, ఎందుకంటే జిప్పు తెగేది ఎప్పుడూ మూలల్లోనే. చివరికి ఒక గుడ్డ పెట్టె ఎంచింది. పెంకు పెట్టె కంటే అది కిలో తక్కువ. నేను డబ్బు తీయబోతే ముగ్గురూ అడ్డం వచ్చారు. "పెట్టె మాది, లోపలిది నీది" అంది ఆతే. చేచ్చి లెక్క చూసి, పెట్టె తేలికైంది కాబట్టి ఇంకో కిలో కొనుక్కోవచ్చంది. అమ్మ కోసం కొన్న కిలో బాదం అదే.

బిల్లు కౌంటర్ దగ్గర, కొన్నవన్నీ సంచుల్లో వేసి వాటికీ అదే ప్లాస్టిక్ ట్యాగ్ బిగిస్తారు. ఇంటికెళ్లి కత్తెరతో కోస్తేనే తెరుచుకుంటుంది. గుమ్మం దగ్గర బిల్లు చూపించాలి, పారేయకండి. బంగారం కాక మొత్తం మూడు వందల ఎనభై ఆరు డాలర్లయింది. బిల్లు వేసిన ఆయన తమిళాయన, ఇన్ని నూనె సీసాలు చూసి "సొంతూరికి వెళ్తున్నావా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "మళ్లీ ఎప్పుడు?" అన్నాడు. రాను అని చెప్పడానికి నోరు రాలేదు. "చూడాలి, అన్నా" అన్నాను. ఆయన నా సంచులకి రెండేసి కవర్లు వేశాడు.

భోజనానికి సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్‌కి వెళ్లాం. 1947 నుంచి ఉన్న శాకాహార హోటల్. ఆతే చేత్తో దోసె తినడం ఇక్కడే నేర్చుకుంది, నా మొదటి జీతం రోజున. ఇప్పుడు మాకంటే చక్కగా తింటుంది. ఆ మధ్యాహ్నం ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. కాఫీ రెండోసారి తెప్పించుకున్నాం.

రాత్రి గదిలో సర్దుడు ఆతేది. ఫిలిప్పీన్స్ వాళ్లు ఇంటికి బాలిక్‌బయన్ బాక్స్ అని పెద్ద అట్టపెట్టెలు ఓడలో పంపుకుంటారు. పాతికేళ్లుగా ఆ పెట్టెలు సర్దిన చెయ్యి అది. ప్రతి సీసా మూతకీ ఒక చుట్టు టేపు వేసింది. రెండేసి సీసాల్ని ఒక మేజోడులోకి దింపి, నోరు ముడేసి, నిలువుగా నిలబెట్టింది. వాటి చుట్టూ తువ్వాలు, ఆ చుట్టూ బట్టలు చుట్టలుగా. మిలో ప్యాకెట్లు చక్రాల వైపు, ఎందుకంటే పెట్టె నిలబెట్టినప్పుడు బరువు కిందికి పోవాలి. చాక్లెట్లు నడిమధ్య. కొక్కెం కాటాకి తగిలించి నలుగురం ఎత్తి చూస్తే ఇరవై తొమ్మిది కిలోల ఆరు వందలు. చేచ్చి తన ఫోన్ చూసుకుంది. ఆవిడ లెక్కకీ కాటాకీ తేడా రెండు వందల గ్రాములే.

వైజాగ్‌కి నేరుగా విమానం ఉండటం మా ఉత్తరాంధ్రవాళ్లకి పెద్ద అదృష్టం. దిగి, శ్రీకాకుళం చేరేసరికి తెల్లారింది. పెట్టె తెరిస్తే ఒక్క చుక్క నూనె కారలేదు. తెరవక్కర్లేని ముస్తఫా సంచుల్ని ట్యాగులు అలాగే ఉంచి సర్దింది ఆతే. కత్తెర ఎక్కడుందో దొరక్క అమ్మ కత్తిపీట తెచ్చి కోసింది. కమ్మలు అప్పుడే పెట్టుకుంది. మామ్మకి కళ్లు సరిగా ఆనవు. ఎరుపు డబ్బా చేతిలో పెడితే మూత తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంది.

"ఇది రంగం మందు కదే. మా అయ్య దగ్గిరుండేది" అంది.

మిగతా రెండూ ఎక్కడ అని అడిగింది. ఇచ్చాను. మూడింటినీ బొడ్లో దోపుకుంది.